కొమ్ముదీర్ఘం

పోయిన వారం మనం పెయింటరును పెరటి గేటు దగ్గర స్టూలెక్కించి, చేతికి బ్రష్షిచ్చి వచ్చేశాం. పాపం, ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. ఈ హోటలుకు వీధి వైపు ఒక గది, మధ్యన వంటిల్లు, వెనక పెరడు. పెరట్లో తొమ్మిది బల్లలు. వంటింటి గోడలో పెరటి వైపు ఒక కిటికీ. లోపల వండేది ఆవిడ, ఆ కిటికీలోంచి పళ్లేలు అందుకుని బయట వడ్డించేది ఆయన. పెరట్లో తినేవాళ్లకు ఆవిడ చేతులు తప్ప ముఖం సరిగ్గా తెలియదు గనక కిటికీ అక్క అని పేరు పడింది. ఎవరేమడిగినా సరే అనడం తప్ప ఇంకో మాట రాదు గనక ఆయన సరేగారయ్యాడు. ఆ సరేగారు పోయి రెండు నెలలైంది. మొన్నామధ్య ఎవరో ఆరోగ్యశాఖకు ఆకాశరామన్న ఉత్తరం రాశారు, భోజనాల బల్లల దగ్గరికి కుక్కలు వస్తున్నాయని. ఇవాళ పదకొండింటికి ఇన్‌స్పెక్టరు వస్తోంది. ఆలోగా బోర్డులో తప్పు దిద్దించేద్దామని సరేగారి చెల్లెలు పెయింటరును పిలిపించింది.

ఆ బోర్డు మీద ఉన్నది ఒకే ఒక్క వాక్యం. పెరడు తెరిచిన కొత్తలో, కుక్కలను లోనికి తీసుకురారాదు అని రాయించమని అక్క చెప్పింది. బోర్డు వచ్చేసరికి చివరి దు కాస్తా దూ అయి కూర్చుంది. కొమ్ము పడాల్సిన చోట కొమ్ముదీర్ఘం పడింది. అక్షరం తోక కాస్త సాగితే కొంప మునుగుతుందా అనుకుంటాం. మునిగింది. తీసుకురారాదు అంటే తేవద్దని. తీసుకురారాదూ అంటే, తెస్తే ఏం పోయింది, తీసుకురా బాబూ అని బతిమాలడం. సరేగారు తల పట్టుకుని, ఇది పెయింటరు పొరపాటు, రేపే దిద్దిస్తానన్నాడు. ఈలోగా ఒకరిద్దరు బోర్డు చూసి నవ్వుకుని, అంత ఆప్యాయంగా పిలిచాక రాకపోతే బాగుండదని కుక్కలతో సహా వచ్చారు. వచ్చినవాళ్లను పొమ్మనడం ఆయన వల్ల కాలేదు. ఆ రేపు అన్నది పన్నెండేళ్లు సాగింది.

అక్కకు కుక్కలంటే ప్రాణభయం. ఏడేళ్ల వయసులో ఒకటి పిక్క పట్టుకుంది, మచ్చ ఇప్పటికీ ఉంది. ఈ పన్నెండేళ్లలో ఆవిడ పెరట్లో అడుగు పెట్టింది పొద్దున్నే గేటు తీయకముందు మాత్రమే, అదీ బల్లలు తుడవడానికి. ఆయన పోయాక అదీ మానేసింది. ఆయన బయట, ఆవిడ లోపల, మధ్యన కిటికీ. కాపురం అలాగే నడిచింది.

ఇక పెయింటరు సంగతి. పోయిన వారం చివర ఆయన స్టూలు దిగి వచ్చి, సంచిలోంచి ఒక లావుపాటి నోట్‌బుక్కు తీసి, పేజీ వెతికి కిటికీలో పెట్టాడు. అక్కడ ఆపాం. ఆ పేజీలో అంటించి ఉన్నది ఈ హోటలు ఆర్డరు చీటీయే. చీటీ మీద సరేగారి చేతిరాత. సూప్ ఎన్ని, చేప ఎన్ని అని రాయాల్సిన చోట, కుక్కలను లోనికి తీసుకురారాదూ అని రాసి ఉంది. దూ. దీర్ఘంతో సహా.

బోర్డులు రాసేవాళ్లకు ఒక శాపం ఉందని పెయింటరు చెప్పుకొచ్చాడు. తప్పు ఎవరిదైనా చివరికి పెయింటరుదే అవుతుంది. అందుకని పనిలోకి దిగిన నాటి నుంచీ జనం రాసిచ్చిన ప్రతి కాగితాన్నీ నోట్‌బుక్కులో అంటించి దాచుకుంటున్నాడు. ఈ పెరట్లో పన్నెండేళ్లుగా తన పేరు చెప్పి నవ్వుకుంటున్నారని ఆయనకు తెలుసు. తెలిసీ సరేగారి ముఖం చూసి ఊరుకున్నాడు.

“రాసిచ్చింది రాయడమే నా పనమ్మా. అక్షరం కలపను, అక్షరం తియ్యను. ఆ దీర్ఘం ఆయనే పెట్టారు. చూడండి, మళ్లీ దిద్ది మరీ పెట్టారు,” అన్నాడు.

అక్క చూసింది. నిజమే. మిగతా అక్షరాలన్నీ ఒక్క గీతలో ఉన్నాయి. ఆ తోక మీద మాత్రం కలం రెండుసార్లు నడిచింది.

పక్కనే ఉన్న ఆడపడుచు, అన్నయ్య ఏదో కంగారులో రాసుంటాడు వదినా అంది. అని, తన మాట తనకే నచ్చనట్టు గరిటెలు సర్దడం మొదలుపెట్టింది. కంగారులో రాసేవాడు తోక దిద్దుతూ కూర్చోడని ఆమెకూ తెలుసు.

కోపం రావాల్సిన సమయం ఇది. పన్నెండేళ్లు ఒక మనిషి తన భయం తెలిసి కూడా తనతో అబద్ధమాడాడంటే ఏ ఆడదానికైనా కడుపు మండాలి. అక్క కాసేపు ఎదురుచూసింది, మండుతుందేమోనని. ఏమీ రాలేదు. కాలు తిమ్మిరెక్కినప్పుడు గిల్లి చూసుకుంటామే, అలా ఆ కాగితాన్ని ఇంకోసారి చదువుకుంది. ఊహూఁ.

“మరైతే ఉంచమంటారా, తీసెయ్యమంటారా?” అన్నాడు పెయింటరు.

ఉండండి, ఇన్‌స్పెక్టరు రానీండి అంది అక్క. ఆయన వెళ్లి మళ్లీ స్టూలెక్కాడు.

రెండు నెలలుగా ఆవిడ ఇలాగే ఉంది. ఏడవలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లే ఏడ్చి, ఆవిడ ముఖం చూసి, కాస్త నొచ్చుకుని వెళ్లారు. మూడో వారం హోటలు తెరిచింది. లేవడం, ఉల్లిపాయలు తరగడం, పొయ్యి ముట్టించడం, అన్నీ చేతులు చేసుకుపోతున్నాయి. మొన్న మణికట్టు మీద కాలిన బొబ్బ చూసి ఇదెప్పుడయిందని ఆడపడుచు అడిగితే ఆవిడే ఆశ్చర్యపోయింది. అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది, అది ఎవరికీ చెప్పలేదు. నాలికకు ఉప్పు తెలియడం మానేసింది. పులుపు లేదు, కారం లేదు, ఏదైనా గోరువెచ్చటి నీళ్లే. వంటమనిషికి నాలిక పోవడమంటే పెయింటరుకు కళ్లు పోవడమే. చెంచాతో కొలిచి వేస్తోంది. వేశానా లేదా అని అనుమానమొచ్చినప్పుడు ఇంకో చెంచా వేస్తోంది.

ఆయన పోయిన రోజు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈ మొద్దుతనం అర్థం కాదు. మధ్యాహ్నం భోజనాల వేళ. అక్క సూప్ గిన్నె కిటికీలో పెట్టి, తొమ్మిదో బల్ల అని పిలిచింది. మూడుసార్లు పిలిచింది. తల వంచి చూస్తే ఆయన తొమ్మిదో బల్ల దగ్గరే కుర్చీలో కూర్చుని ఉన్నాడు, ట్రే ఒళ్లో పెట్టుకుని, గడ్డం ఛాతీకి ఆనించి. చుట్టూ మూడు కుక్కలు. ఒకటి ఆయన చెయ్యి నాకుతోంది. అక్క పరుగెత్తుకుంటూ పెరటి గుమ్మం దాకా వచ్చింది. గడప దగ్గర కాళ్లు ఆగిపోయాయి. కుక్కలు ఆవిడ వైపు తిరిగి చూశాయి. అంతే, గడప దాటలేకపోయింది. రోజూ తినడానికొచ్చే లెక్కల మేష్టారు వచ్చి మెడపట్టీలు పట్టి వాటిని అవతలికి లాగేదాకా అక్కడే నిలబడింది. ఒక్క నిమిషం కూడా కాలేదమ్మా అని మేష్టారు తరవాత చెప్పాడు. నువ్వు ముందే వెళ్లినా చేయగలిగింది లేదని డాక్టరూ చెప్పాడు. ఆవిడ లెక్కలో ఆ నిమిషం ఇంకా పూర్తి కాలేదు.

పదకొండు కొట్టేసరికి ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. ముప్పై దాటి ఉండవు. నెత్తిన టోపీ, చేతికి పల్చటి తొడుగులు, చంకలో ఫైలు. మర్యాదస్తురాలే గానీ మాటలో నెయ్యి వేసే రకం కాదు. ఫ్రిజ్‌లో వేడి చూసే కడ్డీ పెట్టి అంకె రాసుకుంది. కూరలు తరిగే పలకలు తిరగేసి చూసింది. చేపకు వేరే పలక వాడుతున్నారా అంటే అక్క తీసి చూపించింది. సబ్బు, తువ్వాలు, చెత్తడబ్బా మూత. అన్నిటికీ టిక్కు పెట్టి, వంటింటికి వంక పెట్టడానికి లేదంది. మామూలు రోజైతే ఆ మాటకు అక్క పొంగిపోయేది.

తరవాత ఇన్‌స్పెక్టరమ్మ పెరట్లోకి నడిచింది. అక్క కిటికీ దగ్గరే నిలబడి చూసింది. ఆ వేళకు పెరట్లో రెండు బల్లల దగ్గరే మనుషులున్నారు. రెండో బల్ల దగ్గర ఒక తల్లి, మూడేళ్ల కూతురు. నాలుగో బల్ల దగ్గర లెక్కల మేష్టారు, బల్ల కింద ఆయన కుక్క. దాని పేరు సున్నా. పడుకుంటే గుండ్రంగా చుట్టుకుంటుందని ఆయన పెట్టిన పేరు. ఇప్పుడు ముసలిదైంది, రెండు కళ్లూ పోయాయి. పెన్షను తీసుకునే రోజుల్లోకి వచ్చాక ఆయనకు మిగిలిన కుటుంబం అదొక్కటే. ఇంట్లో పెట్టి తాళం వేసి వస్తే తలుపుకు తల కొట్టుకుంటుంది. కాబట్టి దాన్ని రానివ్వని చోట ఆయన తినడు. దాన్ని రానిచ్చే చోటు ఈ చుట్టుపక్కల ఇదొక్కటే.

ఇన్‌స్పెక్టరమ్మ ముందు ఆడపడుచును అడిగింది. ఆమె నెలన్నరగా బయట వడ్డిస్తోంది గనక కడుపులో ఉన్నదంతా కక్కేసింది. వేడి సూప్ పట్టుకుని వస్తుంటే కాళ్ల కింద గొలుసులు అడ్డం పడతాయి. తోక తగిలి రెండు గ్లాసులు పోయాయి. కుర్చీల మీద వెంట్రుకలు. ఒకాయన తన పళ్లెంలోదే కుక్కకు పెట్టి, ఆ పళ్లెమే మళ్లీ కిటికీలో పెట్టాడు. అన్నయ్య అయితే అవన్నీ నవ్వుతూ తుడిచేవాడు, నా వల్ల కాదంది.

చిన్నపిల్ల తల్లి కూడా మాట కలిపింది. పోయిన వారం పక్క బల్ల కుక్క వచ్చి తన కూతురి చేతిలోని రొట్టె వాసన చూసిందట. ఏమీ అనదండీ, చాలా మంచిది అని దాని యజమాని అన్నాడట.

“మంచిదే అయ్యుంటుంది. ఆ సంగతి ఆయనకు తెలుసు, నాకెలా తెలుస్తుంది? నేను భోజనానికొచ్చాను గానీ ఆయన మాట నమ్మడానికి రాలేదు కదా,” అంది.

న్యాయమైన మాటే. కిటికీ వెనక అక్కకు తన పిక్క మీది మచ్చ గుర్తొచ్చింది. ఆ కుక్క కూడా మంచిదేనని అప్పుడు అందరూ అన్నారు.

అయితే ఆ తల్లే ఇంకో మాట కూడా అంది. తన కూతురు అన్నం ముట్టదని, ఆ గుడ్డికుక్కను చూపిస్తూ పెడితే తింటుందని, అందుకే వారానికి రెండుసార్లు వస్తున్నానని. ఇన్‌స్పెక్టరమ్మ కలం ఆపి ఆమె వంక చూసింది. ఇప్పుడిది ఏ గడిలో రాయాలో ఆమెకు తెలిసినట్టు లేదు.

మేష్టారిని కూడా అడిగింది. ఇక్కడే చిత్రం జరిగింది. ఈ మేష్టారు మామూలు మనిషి కాడు, పావుగంట మాటకు ముప్పావుగంట జవాబు చెప్పే మనిషి. కుక్కల తరఫున వాదించమంటే తొమ్మిది కారణాలు వరసగా నంబర్లు వేసి మరీ చెప్పాలి. అలాంటివాడు సూప్ గిన్నెలోకి చూస్తూ, నేను చెప్పేదేమీ లేదమ్మా అన్నాడు. ఆడపడుచు కూడా వింతగా చూసింది.

ఇన్‌స్పెక్టరమ్మ గుమ్మం దగ్గరికి వచ్చి అక్కను పిలిచింది. యజమాని మీరే గనక మీతోనే తేల్చుకోవాలంది. పక్కసందులోంచి గేటు వేరుగా ఉంది, కుక్కలు వంటింటి మీదుగా రానక్కర్లేదు, అది మంచిదే. కుక్కను ముట్టినవాళ్లు చేతులు కడుక్కోకుండా పళ్లెం ముట్టకూడదు. మనుషుల పళ్లేల్లో వాటికి పెట్టకూడదు. గొలుసు పొట్టిగా కట్టాలి, దారిలో ఉండకూడదు. పిల్లలున్నవాళ్లకు దూరంగా రెండు బల్లలు విడిగా ఉంచాలి. ఇవన్నీ నడిపిస్తానని సంతకం పెడితే కుక్కలు రావచ్చు. వద్దనుకుంటే బోర్డు దిద్దించుకుని వద్దనవచ్చు.

“రెండిట్లో ఏదైనా నాకు అభ్యంతరం లేదు. బోర్డు మీద నవ్వులాట మాత్రం కుదరదు. రమ్మంటున్నారో వద్దంటున్నారో ఇవాళ నేను వెళ్లేలోపు తేల్చండి,” అంది.

ఇంతకన్నా సులువైన ప్రశ్న ఉంటుందా? కుక్కలంటే భయం. పన్నెండేళ్ల కిందటే వద్దంది. వద్దన్న మాటను ఆయన దొంగచాటుగా తిప్పేశాడని పొద్దున్నే తేలింది. ఇప్పుడు అడ్డం చెప్పేవాళ్లు లేరు. పెయింటరు బ్రష్షుతో సిద్ధంగా ఉన్నాడు. ఒక తోక గీకేస్తే సరి. అక్క నోరు తెరిచింది. కుక్కలు పోతే పెరట్లోకి వెళ్లకపోవడానికి తనకు ఇంక కారణముండదని అప్పుడు తట్టింది. ఆ తొమ్మిదో బల్ల దగ్గరికి తనే వెళ్లాలి. ఎవరూ అడ్డం ఉండరు.

వద్దని చెప్పెయ్ వదినా అని ఆడపడుచు మెల్లగా అంది.

అక్క మాట్లాడకపోవడం చూసి ఇన్‌స్పెక్టరమ్మ ఇంకోలా అనుకుంది. ఎవరో ఆకతాయి రాసిన ఉత్తరానికి మేం దిగొచ్చామని మీరు బాధపడుతున్నట్టున్నారు, నిజానికి మేమూ పేరులేని ఉత్తరాలు పట్టించుకోం, దీన్ని మాత్రం అవతల పడెయ్యలేకపోయాను అంది. ఫైలు తీసి, గుమ్మానికి అటు వైపు నిలబడే చదివింది.

“ఈ హోటలు పెరట్లో బల్లల దగ్గరికి కుక్కలు వస్తున్నాయి. యజమాని చెడ్డవాడు కాడు, వద్దనడం చేతకాని మనిషి. పైనుంచి మీరు ఒక మాట చెబితే ఆ వంక పెట్టుకుని అందరికీ చెప్పుకోగలడు. అక్కడ వంట చేసే ఆవిడ పన్నెండేళ్లుగా తను వండింది ఆ పెరట్లో కూర్చుని ఒక్క పూట కూడా తినలేదు. కారణం కుక్కలు. ఆవిడ మొదట్లో ఒక్కసారే చెప్పింది, మళ్లీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. కాబట్టి ఇక మీదట అక్కడికి కుక్కలను తీసుకురారాదు.”

చదివి, ఆ ఆవిడ మీరేనా అని అడిగింది.

అక్క చెయ్యి చాపింది. నిజానికి అలాంటి కాగితాలు చేతికివ్వకూడదు. ఇన్‌స్పెక్టరమ్మ ఒక్క క్షణం తటపటాయించి ఇచ్చేసింది.

పన్నెండేళ్లు రోజుకు డెబ్బై ఎనభై చీటీలు కిటికీలోంచి లోపలికి వచ్చాయి. ఆ చేతిరాత ఆవిడ చీకట్లో తడిమి అయినా చెప్పగలదు. క మీద తలకట్టు మరిచిపోవడం, ప పొట్ట సగంలో వదిలేయడం. చివరి మాట దగ్గర చూపు ఆగింది. ముందు దూ అని రాశాడు. అలవాటు చొప్పున తోక సాగింది. దాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కన చిన్నగా దు అని రాశాడు. ఆ దు మీద కలం గట్టిగా నొక్కితే కాగితం అవతలికి గుచ్చుకుంది.

ఆడపడుచు భుజం మీంచి తొంగి చూసి, అన్నయ్య అని గొణిగి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అప్పుడు అర్థమైంది అక్కకు. ఆ రోజు చీటీ రాసేటప్పుడు ఆయన తనను మోసం చేయాలనుకోలేదు. వద్దు అన్న మాట ఆయన చేతికి రాలేదు, అంతే. బోర్డు మీద కూడా వద్దనలేని మొహమాటం. సగం రాసి, ఎవరైనా నొచ్చుకుంటారేమోనని తోక సాగదీశాడు. తరవాత పన్నెండేళ్లూ ఆ తోకకు కట్టుబడి, దాన్ని పెయింటరు నెత్తిన రుద్ది, చివరికి తన హోటలు మీద తనే పితూరీ రాసుకున్నాడు. మొత్తం జన్మలో ఒక్కసారి వద్దని రాయడానికి ఆయనకు ఇంత పట్టింది. ఇలాంటి మనిషితో కాపురం చేశానా అనుకుంది అక్క. అది కోపమో మరొకటో ఆవిడకు తెలియలేదు. ఏదో మాత్రం కదిలింది, చాలా లోపల.

కాగితం పైమూలన ఆఫీసు ముద్ర ఉంది. తేదీ చూసింది. తొమ్మిది రోజుల కిందటిది.

“ఇది మీకెలా వచ్చింది?” అని అడిగింది. పొద్దున్నుంచీ ఆవిడ తనంతట తాను అడిగిన మొదటి మాట అదే.

చేత్తోనే ఇచ్చారంది ఇన్‌స్పెక్టరమ్మ. తను ఆ వేళ సీట్లో లేదట, గుమాస్తా చెప్పాడట. ఎవరో పెద్దాయన కుక్కతో వచ్చాడట. ఆఫీసులోకి కుక్కను తేవద్దంటే బయట కట్టేసి లోపలికొచ్చి ఇచ్చాడట. అది బయట ఒకటే అరుపులు, తలుపుకేసి తల కొట్టుకోవడం. రసీదు కూడా తీసుకోకుండా పరుగున వెళ్లిపోయాడట.

ఆడపడుచు నాలుగో బల్ల వైపు తిరిగింది. ఇన్‌స్పెక్టరమ్మ కూడా తిరిగింది. మేష్టారు తల ఎత్తలేదు.

అక్క గడప వంక చూసింది. దాని మీద పసుపురంగు పట్టీ అతికించి ఉంది, కాలు జారకుండా. ఆయనే అంటించాడు. ఆవిడ దాన్ని దాటింది. దాటానని నాలుగడుగులు వేశాక గానీ తెలియలేదు. నాలుగో బల్ల కింద సున్నా తలెత్తి గాలి పీల్చింది. అక్క కాళ్లు అక్కడే బిగుసుకుపోయాయి. భయం ఎక్కడికీ పోలేదు, భద్రంగానే ఉంది. రెండు నెలల్లో ఆవిడకు స్పష్టంగా తెలిసిన మొదటి సంగతి అదే.

“అది లేస్తుందా మేష్టారూ?”

“లేవదమ్మా. నువ్వు కూర్చో.”

కూర్చుంది. కుర్చీ అంచు మీద, కాళ్లు వెనక్కి ముడుచుకుని. ఇక్కణ్నుంచి చూస్తే కిటికీ చాలా చిన్నగా ఉంది. లోపల ఉన్నవాళ్ల చేతులే కనిపిస్తాయని జనం అన్నది నిజమే.

మేష్టారు చెప్పాడు. పోవడానికి నాలుగు రోజుల ముందు సరేగారు ఆ ఉత్తరం తెచ్చి తన చేతిలో పెట్టాడట. నా చేత్తో ఇస్తే గుర్తుపడతారు, మీరే ఇచ్చి రండి అన్నాడట. కుక్కల మీద ఉత్తరాన్ని కుక్క ఉన్న మనిషికిచ్చాడు, అంత తెలివి. మేష్టారు సరేనన్నాడు. తరవాత సరేగారే లేకుండా పోయాడు. ఉత్తరం ఇస్తే సున్నాకు ఈ చోటు పోతుంది. ఇవ్వకపోతే పోయినవాడికిచ్చిన మాట పోతుంది. చొక్కా జేబులో పెట్టుకుని ఏడు వారాలు తిరిగాడట.

“తొమ్మిది కారణాలు దొరికాయమ్మా ఇవ్వకుండా ఉండడానికి. అన్నీ నావే. నీ వైపు ఒక్కటే ఉంది,” అన్నాడు.

అక్క ఆయన చొక్కా జేబు వంక చూసింది. అదింకా ఎత్తుగానే ఉంది.

“ఉత్తరం ఇచ్చేశారు కదా. ఆ జేబులో ఏముంది?”

మేష్టారు జేబు మీద అరచెయ్యి వేసుకున్నాడు. అది నీకేనన్నాడు. ఉత్తరంతో పాటే ఇచ్చాడట, కవరులో పెట్టి, అంటించి. కుక్కలు రావడం మానేశాక నువ్వు బయటికొచ్చి కూర్చున్న రోజున తనే చెప్పాలనుకున్నాడట, చెప్పలేకపోతే అప్పుడు ఇది ఇవ్వమన్నాడట. అయితే ఒక షరతు పెట్టాడట.

“ఇక్కడ కూర్చుని ఒక పూట తిన్న తరవాతే ఇవ్వమన్నాడు. ముందిస్తే నువ్వు తినవన్నాడు.”

ఏముందో అందులో, చదివితే అన్నం సయించని సంగతి. గుమ్మంలో ఆడపడుచు కొంగు తియ్యకుండా నిలబడి ఉంది. ఇన్‌స్పెక్టరమ్మ చేతిగడియారం చూసుకుని, మళ్లీ చూసుకోలేదు. గేటు దగ్గర స్టూలు కిర్రుమంది. ఉంచమంటారా, తీసెయ్యమంటారా అని పెయింటరు మళ్లీ అడిగాడు.

మేష్టారు తన గిన్నె అక్క వైపు జరిపాడు. ఇందాకటి సూప్, ఒక్క చెంచా కూడా తగ్గలేదు. అక్క చెంచా తీసుకుంది. నోట్లో పెట్టుకుంది. మింగబోయి ఆగింది. మేష్టారి వంక, గిన్నె వంక, రెండో బల్ల దగ్గర చిన్నపిల్ల ముందున్న గిన్నె వంక చూసింది. అదీ నిండుగానే ఉంది.

“ఇంత ఉప్పు,” అంది. “ఇదెలా తింటున్నారు మీరంతా?”

“నెలన్నర అయింది,” అన్నాడు మేష్టారు. “మొహమాటానికి తింటున్నామమ్మా.”

బల్ల కింద సున్నా నిట్టూర్చి, గడ్డం తెచ్చి ఆవిడ పాదం మీద ఆనించింది. అక్క ఒళ్లంతా జలదరించింది. పాదం మాత్రం తియ్యలేదు. మేష్టారి జేబు వంక చూస్తూ, ఆ ఉప్పు సూప్‌లో రెండో చెంచా ముంచింది.